తెల్లకార్డు బస్తీలో గులాబీ కాగితాలు

మా గైడుకు నేనంటే పడేది కాదు. నాకు ఆయనంటే అంతకన్నా పడేది కాదు. అయినా ఏడేళ్లు ఒకరినొకరం భరించాం. సోషియాలజీ డిపార్ట్‌మెంటులో పీహెచ్‌డీ అనేది పెళ్లికంటే గట్టి బంధం. పెళ్లయితే నలుగురు పెద్దమనుషులను కూర్చోబెట్టి తెంచుకోవచ్చు. గైడును మార్చుకోవాలంటే ఆ గైడే సంతకం పెట్టాలి.

ఆయన నన్ను తీసుకున్నది నా తెలివి చూసి కాదు. ఆ ఏడు చేరినవాళ్లలో ఉప్పల్‌లో ఉండేవాణ్ని నేనొక్కణ్నే. నాచారం పారిశ్రామికవాడలోని కార్మిక కుటుంబాల మీద ఎవరిచేతనైనా పని చేయించాలని ఆయనకు చాలాకాలంగా కోరిక. తాను మాత్రం ఆ దారిన కారు అద్దాలు ఎక్కించుకుని తప్ప పోయినవాడు కాదు. మసాలా ఫ్యాక్టరీ దగ్గరికి రాగానే ఆయనకు తుమ్ములొస్తాయట. నీకు అలవాటే కదా అన్నాడు మొదటిరోజు, నేనేదో మిరప్పొడిలో పుట్టినట్టు.

ఆ మాట కడుపులో పెట్టుకుని క్యాంటీన్‌లో ఒక కథ వదిలాను. నాచారంలో ఘాటుకు కాకులు కూడా తుమ్ముతాయని, ఒకనాడు కరెంటు తీగ మీద వరసగా కూర్చున్న నలభై కాకులు ఒక్కసారే తుమ్మితే తీగలు రెండూ కలిసి ఉప్పల్ చౌరస్తా దాకా కరెంటు పోయిందని, లైన్‌మన్ స్తంభం ఎక్కి చూస్తే కాకులన్నీ ముక్కులు తుడుచుకుంటున్నాయని చెప్పాను. ఢిల్లీ నుంచి వచ్చిన ఒక పరిశోధకురాలు దాన్ని నోట్‌బుక్‌లో రాసుకుంది. కాకులు ఎన్నో మరోసారి అడిగి మరీ రాసుకుంది. డిపార్ట్‌మెంటంతా వారం రోజులు నవ్వింది. మా గైడు నవ్వలేదు. ఇలాంటివాడి డేటాను ఎవడు నమ్ముతాడు అన్నాడట. ఆ ముక్క నా చెవిన వేసింది ఆయన గది ముందు బెంచీ మీద నా పక్కన కూర్చునే తోటి స్కాలరు.

ఆ బెంచీ సంగతి చెప్పాలి. ప్రతి ప్రొఫెసరు గది ముందూ ఒక బెంచీ ఉండేది. ఆ ప్రొఫెసరు దగ్గర పనిచేసే స్కాలర్లు లోపలి నుంచి పిలుపు వచ్చేదాకా దాని మీద కూర్చోవాలి. నేను కూర్చున్నప్పుడు కొత్తగా నాటిన వేపమొక్క కిటికీ అంచుకు కూడా రాలేదు. నేను లేచేసరికి దాని కొమ్మ గదిలోకి వచ్చి ఫ్యానుకు అడ్డం పడుతోంది. ఎదురు గది ఒక మేడమ్‌ది. ఆమెకూ మా గైడుకూ హెడ్ పదవి దగ్గర మొదలైన పగ. అందుకని మా బెంచీవాళ్లు ఎదురు బెంచీవాళ్లతో మాట్లాడకూడదు. వాళ్ల బెంచీ మీది పిల్ల ఒకతె మావాడికి పెన్ను ఇచ్చిందని తెలిసి మా గైడు మావాడి రెండో అధ్యాయం మొత్తం తిరగరాయించాడు.

పరిశోధనకు షెడ్యూలు కావాలి. షెడ్యూలంటే అచ్చేసిన ప్రశ్నల కట్ట. ఇంటింటికీ పట్టుకెళ్లి, మనమే అడిగి, మనమే నింపుకోవాలి. ఇంట్లో ఎంతమంది, ఎవరెవరు ఎక్కడ పనిచేస్తారు, ఊరు విడిచి ఎప్పుడొచ్చారు, జబ్బు చేస్తే ఎక్కడికి పోతారు, ఇలాంటివి. మా గైడు దాన్ని లాగి లాగి పదకొండు పేజీలు చేశాడు. ఉప్పల్ చౌరస్తాలో నాకు తెలిసిన జిరాక్స్ దుకాణంలో ఇచ్చాను. అతని దగ్గర తెల్ల కాగితం అయిపోయింది. ఏదో స్కూలువాళ్లు ఆర్డరిచ్చి తీసుకెళ్లని లేత గులాబీ కాగితం మూలన పడి ఉంది. కావాలంటే దాని మీద చవగ్గా కొట్టిస్తానన్నాడు. చూడ్డానికీ బాగుంది. సరేనన్నాను.

ఆ నిమిషంలో నా బుర్ర ఎక్కడికి పోయిందో ఇప్పటికీ తెలియదు. ఎందుకంటే మా ఇంట్లోనూ రేషన్ కార్డుంది. ఆ రోజుల్లో కార్డులు రెండు రంగులు. తెల్లకార్డుంటే చవక బియ్యం, పెద్ద జబ్బు చేస్తే పైసా లేకుండా ఆపరేషను, పిల్లల చదువుకు సర్కారు కట్టే ఫీజు. గులాబీ కార్డుంటే ఇంటి అడ్రసుకు రుజువు, అంతే. ఇంట్లో ఎవరికైనా కంపెనీ జీతం వస్తోందని తెలిస్తే తెల్లది లాక్కుని గులాబీది చేతిలో పెడతారని ప్రతి బస్తీలోనూ భయం. ఉప్పల్‌లో పుట్టి పెరిగినవాణ్ని. యూనివర్సిటీలో ఐదేళ్లు చదివి ఈ సంగతి మరిచిపోయేంత పండితుణ్నయ్యాను.

నేను ఎంచుకున్న బస్తీ ఒక కంపెనీ వెనక గోడను ఆనుకుని ఉండేది. ఎదురెదురుగా రెండు వరసల రేకుల గదులు. అందరూ నల్లగొండ, పాలమూరు, మెదక్ వైపు నుంచి పని కోసం వచ్చినవాళ్లు. మొదటి గది ఒక అక్కది. పచ్చళ్లు ప్యాకింగ్ చేసేచోట పని. నలభై దాటి ఉంటాయి. ఆమె నా మొహం వైపు చూడలేదు, నా చేతిలోని కట్ట వైపు చూసింది. ఇంటాయన పేరడిగాను. లేడంది. ఊరికి పోయాడా అన్నాను. లేనే లేడంది. చనిపోయాడా అంటే కొంచెం ఆగి తలూపింది. ఎట్లా అంటే ఇంకొంచెం ఆగి, తాగి అంది. నేను అయ్యో అని నాలుగో పేజీలో రాసుకున్నాను.

రెండో గదామె భర్త ఎవర్నో లేపుకుపోయాడు. మూడో ఆమె భర్త దుబాయి పోయి జాబు రాయలేదు. నాలుగో ఆమె మొగుడు చర్లపల్లి దగ్గర పట్టాలు దాటుతూ రైలు కింద పడ్డాడు. ఐదో ఆయన శ్రీశైలంలో సన్యాసం తీసుకున్నాడు. మూడు రోజుల్లో ఆ రెండు వరసల్లోనూ నాకు దొరికిన మగవాళ్లు ముగ్గురు. ఒకడు పక్షవాతం వచ్చి మంచం మీదున్నాడు. మిగతా ఇద్దరికీ ఇంకా పళ్లు రాలేదు.

నేను గుడ్డివాణ్ని కాను. దండేల మీద లుంగీలు ఆరుతున్నాయి. గోడకున్న అద్దం కింద గడ్డం గీసుకునే రేజరు తడిగా ఉంది. రైలు కింద పడ్డాయన చెప్పులు గడప ముందే ఉన్నాయి, వాటికి అంటిన బురద ఇంకా ఆరలేదు. అన్నీ చూశాను. కానీ చెప్పుల గురించి అడిగే ప్రశ్న నా షెడ్యూలులో లేదు. అదీగాక ఒక్కొక్క ఇంటికీ ఒక్కొక్క గొప్ప కథ దొరుకుతుంటే చెప్పులను పట్టించుకునే గుణం నాకు మొదటినుంచీ లేదు.

నింపిన కట్టలు తీసుకెళ్లి గైడు బల్ల మీద పెట్టాను. పది పన్నెండు తిప్పి చూశాడు. తర్వాత కూర్చోమన్నాడు. మూడేళ్లలో ఆ గదిలో నాకు కుర్చీ దొరకడం అదే మొదలు. ఫ్యాక్టరీల మధ్య మగవాళ్లు మాయమైపోయిన బస్తీ. ఇంత పెద్ద విషయం ఇంతవరకు ఎవరి కంటా పడలేదు అన్నాడు. ఒకటి రెండు నెలల్లో దాని మీద పేపరు రాసి వేరే రాష్ట్రంలో పెద్ద సదస్సులో చదివి వచ్చాడు. పరిశ్రమ మగవాణ్ని వాడుకుని పారేస్తుందని, మిగిలేది ఆడదాని పొయ్యి ఒక్కటేనని అందులో ఒక సిద్ధాంతం. పేపరు మీద ఆయన పేరే ఉంది. నా పేరు కృతజ్ఞతలలో, టైపిస్టు పేరు తర్వాత. అక్క భర్త తాగి చచ్చిపోయిన ఘట్టం అందులో పేజీన్నర.

మిగిలిన పని జీవిత కథలు. అంటే కొన్ని ఇళ్లకు మళ్లీ వెళ్లి తీరిగ్గా కూర్చుని మాట్లాడించి రాసుకోవాలి. నేను ఆదివారం వెళ్లాను. ఆదివారం కంపెనీలకు సెలవని నాకు తెలుసు. అక్క ఇంట్లో ఉంటుందనే వెళ్లాను. ఇంకెవరు ఇంట్లో ఉంటారో ఆలోచించలేదు. ఆ రోజు నా చేతిలో కట్ట లేదు, గైడు తిరిగిచ్చినదాన్ని సంచిలో పెట్టుకున్నాను. అందుకే కాబోలు బస్తీలో ఎవరూ కంగారు పడలేదు.

తలుపు తీసే ఉంది. మంచం మీద ఒకాయన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. పొయ్యి దగ్గర అక్క చేతిలో గరిటె నన్ను చూసి ఆగిపోయింది.

"ఎవరే?" అన్నాడు ఆయన.

"గాయినే. గులాబీ కాయితాల సారు."

ఆయన పళ్లెం పక్కన పెట్టి నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "నన్ను సంపినోడు ఈనేనా?"

నేను చంపలేదని, అక్కే చెప్పిందని అన్నాను. ఎట్లా చచ్చానని రాశావో చదువు అన్నాడు. అవసరం లేదులెండి అన్నాను. ఆయన వదల్లేదు. సంచిలోంచి కట్ట తీసి నాలుగో పేజీ చదివాను.

"తాగి సచ్చిన్నా?" ఆయన పెళ్లాం వైపు తిరిగాడు. "ఏమే, నేనెన్నడన్న కల్లు ముట్టిన్నా? తాగేటోడు నీ అన్న. నన్నెందుకు తాగిపిచ్చినవ్?"

"ఏదో ఒకటి జెప్పాలె గద. గుండెపోటంటె దవాఖాన కాయితాలు సూపియ్యమంటడని జెప్పలే," అంది ఆమె.

అప్పుడు బయటపడింది సంగతంతా. నేను సందు మొదట్లో కనిపించగానే గులాబీ కాగితాలు వచ్చాయని ఒకామె కేకేసిందట. మగవాళ్లు ఉన్నవాళ్లు ఉన్నట్టే వెనక దారిన పోయి కంపెనీ గోడ మలుపు తిరిగి అవతల కూర్చున్నారట. మూడు రోజులు, ఎండలో. రెండో షిఫ్టువాళ్లకు డ్యూటీ కూడా తప్పిందట. సన్యాసం తీసుకున్నాయనకైతే వడదెబ్బ తగిలిందట.

నేను సర్కారు మనిషిని కాదని, ఇది యూనివర్సిటీ చదువని, కార్డులతో దీనికి ఏ సంబంధమూ లేదని ఎంతో చెప్పాను. అక్క నమ్మలేదు. ఈ రాసినవన్నీ ఎవరు చూస్తారని అడిగింది. ఎవరూ చూడరు, ముగ్గురు పెద్ద సార్లు చదివి బీరువాలో పెడతారు అన్నాను.

"ఎవ్వరు సూడనిదానికి ఇంత ఎండల నువ్వెందుకు తిరుగుతున్నవ్? నన్ను పిచ్చిదాన్ని జేస్తున్నవా?"

ఆ ప్రశ్న డిపార్ట్‌మెంటులో ఇంతవరకు ఎవరూ అడగలేదు. పోనీ, ఇప్పుడు నిజం తెలిసింది కదా, దిద్దేస్తాను అన్నాను. అంతవరకు విసుగ్గా ఉన్న మనిషి అప్పుడు నిజంగా కోపగించుకుంది. గరిటె పట్టుకునే ముందుకొచ్చింది. ఆయన బతికున్నాడని రాస్తే కార్డు పోతుందని, కార్డు పోతే ఉప్పల్ వచ్చి మా ఇంటి ముందు కూర్చుంటానని చెప్పింది. మా సందు గుర్తులు కూడా చెప్పింది. నేను వాళ్లను సర్వే చేసిన మూడు రోజుల్లో వాళ్లు నన్ను సర్వే చేశారు. నా షెడ్యూలు కంటే వాళ్లది బాగా వచ్చింది.

మర్నాడు గైడు గదికి పోయాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. నా జన్మలో ఒక్క ముక్క కూడా కలపకుండా చెప్పింది అదొక్కటే.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కాకులు తుమ్మాయన్నావు. ఇప్పుడు శవాలు వెల్లుల్లి ఒలుస్తున్నాయంటున్నావు. ఎదురు గదిలో ఎంతకు కుదుర్చుకున్నావు?"

మేడమ్ నన్ను ఉసిగొల్పిందని ఆయన అనుమానం. ఆమెతో అంతవరకు నేను నమస్కారం తప్ప మాట్లాడింది లేదు. మళ్లీ చేస్తాను సార్, ఈసారి తెల్లకాగితం మీద అన్నాను. షెడ్యూళ్లు ఏం చెబుతున్నాయో అది రాసుకుని రా, సంతకం పెడతాను, లేదంటే నీ దారి నీది అన్నాడు. థీసిస్‌కు గైడు సంతకం లేకపోతే ఆఫీసులో తీసుకోరు. అప్పటికి నాకు ముప్పై మూడేళ్లు, ఫెలోషిప్ అయిపోవస్తోంది. ఉప్పల్లో ఒక ప్రైవేటు కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతున్నాను. డిగ్రీ చేతికొస్తే పర్మినెంటు చేస్తామన్నారు. రాకపోతే అన్నేళ్ల చదువుకు నాకు మిగిలేది కాకుల కథ ఒక్కటే.

అయినా పొగరుకొద్దీ తెల్లకాగితం మీద కొట్టించుకుని మళ్లీ పోయాను. తెల్లకాగితం చూడగానే కొత్త తెల్లకార్డులు ఇస్తున్నారని బస్తీ అంతా పాకింది. ఈసారి మగవాళ్లు పారిపోలేదు, ఎదురొచ్చి కూర్చున్నారు. సన్యాసి లుంగీ కట్టుకుని కొండ దిగి వచ్చాడు. దుబాయి ఆయన అదే సందులో తేలాడు. కానీ ఒక్కొక్క గదిలో మూడేసి కుటుంబాలు పుట్టుకొచ్చాయి. అత్త నా పొయ్యి వేరు అంది. పెళ్లి కాని మరిది నేను వేరు కాపురం అన్నాడు. పెళ్లాం లేకుండా కాపురమేంది తమ్మీ అంటే, కార్డొస్తే పెళ్లామొస్తది సారూ అన్నాడు. అక్క మాత్రం తన మొగుడు చచ్చిపోయాడనే మళ్లీ రాయించింది. ఆయన నా పక్కనే మంచం మీద కూర్చుని, ఈసారి గుండెపోటని రాయమన్నాడు. ఒకసారి చచ్చిపోయినట్టు రాయించాక మళ్లీ బతికిస్తే అనుమానమొస్తుందని వాళ్లిద్దరూ అనుకున్నారు.

మూడోసారి కాగితమే లేకుండా పోయాను. ఆర్నెల్లు, దాదాపు ప్రతి ఆదివారం. టీ బండి దగ్గర, మంచినీళ్ల ట్యాంకరు దగ్గర కూర్చుని ఊరికే మాట్లాడేవాణ్ని. వాళ్లకు నచ్చే కథలు చెప్పేవాణ్ని. వాళ్లు నా కాకులను మించినవి చెప్పేవారు. మధ్యలో నిజాలు దొర్లేవి. ఏ కంపెనీలో ఎవరి వేలు తెగింది, ఎవరిని పర్మినెంటు చేయకుండా ఎన్నేళ్లు తిప్పారు, పీర్జాదిగూడలో అపార్ట్‌మెంటు పనికి ఆదివారాలు ఎవరు పోతారు, కార్డు కోసం ఏ ఆఫీసులో ఏం చెప్పాలి. ఇంటికొచ్చి గుర్తున్నది గుర్తున్నట్టు రాసుకునేవాణ్ని. ఆ రాతతోనే థీసిస్ తయారు చేశాను. జనం సర్వేవాడికి ఎట్లా, ఎందుకు అబద్ధం చెబుతారన్నది అందులో పెద్ద అధ్యాయం. ఆ మూడు రోజుల గోడ సంగతి కూడా అందులో ఉంది.

గైడు దాన్ని చదవలేదు. కాగితం లేకుండా డేటా ఏమిటి, అది నీ కథ అన్నాడు. నేను అన్నదీ తక్కువేం కాదు. మీ పేపర్లో చచ్చిపోయినవాళ్లకు తద్దినాలు ఎవరు పెడతారు సార్ అని అడిగాను. ఆ తర్వాత ఏడాదిపాటు నన్ను గదిలోకి పిలవలేదు.

ఈలోగా తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. క్లాసులు జరగని రోజులే ఎక్కువ. మా గైడు సభల్లో మాట్లాడటం మొదలుపెట్టాడు. మొదట్లో నేను పొరపాటున 'వచ్చిండు' అంటే 'వచ్చాడు' అని దిద్దినవాడు, ఇప్పుడు మైకు ముందు 'గిట్ల', 'గట్ల' అనేవాడు. ఆయనది మెదక్ దగ్గరి పల్లె అని నాకు అప్పుడే తెలిసింది. నాతో మాత్రం ఎప్పటిలా పుస్తకాల తెలుగే. తిట్టడానికి ఆయనకు అదే సౌకర్యం.

రిజిస్ట్రేషన్ గడువు ముగిసేముందు థీసిస్ సారాంశాన్ని డిపార్ట్‌మెంటు అందరి ముందూ చదవాలి. నేను నా సొంత థీసిసే చదివాను. గైడు లేచి రుజువేదని అడిగాడు. నేను నోరు తెరిచేలోపల మేడమ్ అందుకుంది. బస్తీ ఇక్కడికి అరగంట దూరం, అందరం పోయి చూస్తే పోలా అంది. ఆమెకు నా మీద ప్రేమ కాదు. పేపర్లో మాయం చేసిన మగవాళ్లను మా గైడుకు చూపించి ఆయన మొహం ఎట్లా ఉంటుందో చూడాలని. తప్పించుకునే దారి లేక ఆయన ఒప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున ఆయన కారులో ముగ్గురం పోయాం. అక్కకు ముందే చెప్పాలనుకున్నాను. చెబితే వద్దంటుందని చెప్పలేదు. సందు మొదట్లో తెల్లకారు ఆగింది. మేడమ్ ఖద్దరు చీర, గైడు చేతిలో ఫైలు. ఇంకేం కావాలి. మేం దిగి నాలుగడుగులు వేసేసరికి బస్తీలో మగవాసన లేదు. దండేల మీది లుంగీలు కూడా లేవు, ఈసారి ఎవరో తెలివిగా తీసేశారు. ముసలివాళ్లు, పిల్లలు, గడపల్లో ఆడవాళ్లు.

అక్క గడప దగ్గర నిలబడి ఉంది. ఇంటాయన ఎక్కడమ్మా అని గైడు అడిగాడు, సభల్లో మాట్లాడే గొంతుతో.

"సచ్చిపోయిండు సారూ. మస్తు యేండ్లాయె." ఆయనతో మాట్లాడుతూ నన్నే చూసింది.

గైడు నా వైపు తిరగలేదు. తిరగాల్సిన అవసరం లేనంత తృప్తి ఆయన వీపులోనే కనిపించింది. మేడమ్ పెదవి విరిచింది. కంపెనీ గోడ మలుపు అక్కడికి ఇరవై అడుగులు. దాని వెనక ఎవరున్నారో ఆ బస్తీలో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఆమె కార్డు వీళ్లెవరూ తీసేయలేరని నాకు తెలుసు. ఆమెకు తెలియదు. తలలోపల ఇదంతా ఒకసారి తిరిగింది. ఏడేళ్లు కూడా తిరిగాయి. ఇటు రండి సార్ అన్నాను.

వెనకనుంచి అక్క నన్ను ఏదో అంది. నేను ఆగలేదు.

గోడ వెనక నీడలో పదిహేనుమంది దాకా కూర్చుని ఉన్నారు. చేతుల్లో పేకముక్కలు. మధ్యలో స్టీలు టిఫిన్లు. మమ్మల్ని చూసి ఎవరూ లేవలేదు. అక్క భర్త ముందు వరసలోనే ఉన్నాడు.

"మీరంత గీ బస్తీలనే ఉంటరా?" అని అడిగాడు గైడు.

"లేదు సార్. మాది పీర్జాదిగూడ. లేబర్ పనికొచ్చినం, మేస్త్రి కోసం సూస్తున్నం," అన్నాడు అక్క భర్త.

ఆయనేనండీ, మొదటి గదిలో ఆమె భర్త ఈయనే అన్నాను నేను. నా గొంతు నాకే చిన్నపిల్లాడి గొంతులా వినిపించింది. గైడు వెనక్కి తిరిగి అక్కను చూపించి ఈమె నీ భార్యేనా అని అడిగాడు. ఆయన మెడ సాచి, గోడ పక్కనుంచి కనిపిస్తున్న పెళ్లాన్ని జాగ్రత్తగా చూశాడు.

"ఎవరామె? నాకు పెండ్లే గాలె సార్."

ఆయన మీసాలు సగం తెల్లబడ్డాయి. పక్కన కూర్చున్న సన్యాసి, వీనికి పిల్లనెవరిస్తరు సార్ అని అంటించాడు. ఒకరిద్దరు నవ్వారు. వాళ్లు నవ్వుతూ నన్ను చూసిన చూపు మాత్రం నవ్వులాంటిది కాదు.

తిరిగి కారు దాకా నడిచాం. ఎక్కేముందు మేడమ్ నా వైపు వంగింది. "నువ్వు కథలు బాగా చెబుతావని విన్నాను. ఇంత పేలవంగా ఉంటుందనుకోలేదు," అంది. నన్ను అక్కడే వదిలేసి వాళ్లిద్దరూ ఒకే కారులో పోయారు. ఇరవై ఏళ్లలో వాళ్లిద్దరూ మూడో మనిషి లేకుండా ఒకచోట కూర్చోవడం అదే మొదలని తర్వాత ఎవరో చెప్పారు.

నేను అక్క దగ్గరికి పోయాను. క్షమాపణ చెప్పాలని కాదు, ఏదైనా చెప్పాలని. మొగుడు వచ్చి మంచం మీద కూర్చున్నాడు, నా వైపు చూడటం లేదు. ఆమె గడప దాటి లోపలికి రానివ్వలేదు.

"నీకు డిగ్రీ గావాలె. నాకు కార్డు గావాలె. నేను నా మొగుణ్నే సంపుకున్న. నువ్వేం సంపుకుంటవో సంపుకో, మా మొగోళ్ల జోలికి రాకు," అంది. తలుపు గట్టిగా కూడా వేయలేదు. మామూలుగానే వేసింది.

నెల రోజులు ఇంట్లో కూర్చున్నాను. కాలేజీవాళ్లు డిగ్రీ సంగతి రెండుసార్లు అడిగారు. నెల తర్వాత బీరువాలోంచి గులాబీ కట్టలు తీసి రాయడం మొదలుపెట్టాను. అబద్ధాన్ని పద్ధతిగా రాయడం ఇంత తేలికని నాకు తెలియదు. పట్టికలు వాటంతటవే నిలబడ్డాయి. గైడు సిద్ధాంతం ప్రతి పేజీలోనూ ఒదిగిపోయింది. ఆర్నెల్లలో పూర్తయింది. గైడు మొదటి పేజీ, చివరి పేజీ చూసి సంతకం పెట్టాడు. కలం మూత పెడుతూ, ముందే ఈ బుద్ధి ఉంటే ఎప్పుడో అయిపోయేది అన్నాడు. నేను ఆయన్ని తిట్టిన తిట్లన్నీ మనసులో ఒకసారి చదువుకుని నమస్కారం పెట్టాను.

వైవా వచ్చేసరికి కొత్త రాష్ట్రం వచ్చింది. గోడల మీద రంగులు మారాయి. బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దాయన, మంచివాడిలా ఉన్నాడు. థీసిస్‌ను నిజంగా చదివి వచ్చాడు. అది నేను ఊహించలేదు. పేజీల మధ్య చిన్న చిన్న చీటీలు పెట్టుకున్నాడు. పచ్చళ్ల కంపెనీలో పనిచేసే ఆమె భర్త మరణం గురించి రాసిన భాగం తన మనసును కదిలించిందని ఇంగ్లీషులో చెప్పాడు. తన దగ్గరి స్కాలర్లకు చదివి వినిపించాడట. తర్వాత కళ్లజోడు సర్దుకుని, ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నానంటూ అడిగాడు.

"ఈ భర్తల్లో ఒక్కరినైనా మీరు కలిశారా?"

గైడు కిటికీ వైపు చూశాడు. మేడమ్ నా వైపు చూసింది. గదిలో ముప్పైమంది దాకా ఉన్నారు, మా బెంచీవాళ్లూ ఎదురు బెంచీవాళ్లూ.

"లేదు సార్," అన్నాను.

"ఒక్కరిని కూడా?"

"అంతా పోయారు సార్."

ఆయన ఒక్క క్షణం తలవంచుకున్నాడు, పోయినవాళ్ల మీద గౌరవంతో కాబోలు. తర్వాత కాగితం ముందుకు లాక్కుని సంతకం పెట్టాడు. చప్పట్లు మొదలుపెట్టింది మా గైడు.